ఒళ్లో గోనెసంచి

మా నాన్న రైల్వే ఉద్యోగరీత్యా రాయపూర్‌లో ఉండగా, అక్కడి తెలీబంధా పేటలో ఒక వకీలుగారి దగ్గర టైపిస్టుగా చేరాను. తర్వాత ఆయన ఎమ్మెల్యే అయ్యారు. ఏటా చలికాలంలో పేదలకు కంబళ్లు పంచేవారు. పేర్ల లిస్టు నేనే టైపు చేసేదాన్ని.

ఒకరోజు దగ్గర్లోని అభన్‌పూర్ నుంచి ఓ ముసలి రైతు ఆఫీసుకొచ్చి, ఒళ్లో గోనెసంచి పెట్టుకుని మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చున్నాడు. నీళ్లిచ్చినా ముట్టలేదు. చూపంతా సార్ గది తలుపు మీదే. ఒక ఫ్యాక్టరీ తరఫున సార్ గెలిచిన కేసులో పొలం పోగొట్టుకున్నది ఇతనేనని గుర్తొచ్చింది. ఆ కేసు కాగితాలూ నేనే టైపు చేశాను.

లోపలికి పరిగెత్తి, "సార్, అతన్ని రానివ్వకండి, సంచిలో ఏదో ఉంది!" అన్నాను. అప్పటికే అతను నా వెనకే ఉన్నాడు. సంచిలో చెయ్యి పెట్టాడు. నేను కెవ్వుమన్నాను.

బయటికి తీసింది మడత విప్పని కంబళి.

"జమీన్ మీరే తీసుకున్నారు సాబ్, కంబల్ కూడా మీరే ఇచ్చారు. ఇది వాపస్ తీసుకోండి" అన్నాడు.

అతను వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి, "బేటీ, ఈ చలికి నేను పోతే లిస్టులో నా పేరు కొట్టెయ్" అన్నాడు.

మరుసటి చలికాలం పాత లిస్టు ముందేసుకుని ఆ పేరు దగ్గర ఆగిపోయాను. ఉంచాలో కొట్టెయ్యాలో కనుక్కోవడానికి అభన్‌పూర్ వెళ్లే ధైర్యం నాకు ఈనాటికీ రాలేదు.