కార్డు రాని చెరకు తోట

కంప్యూటరంటే ఒక గది అనీ, అందులోకి చెప్పులు విప్పి వెళ్ళాలనీ మేం నమ్మిన కాలం అది. డెబ్బైలలో చోడవరం నుంచి విశాఖపట్నం వెళ్ళి అలాంటి గదిలో ఉద్యోగంలో చేరాను. (మా అబ్బాయికి ఏసీ గదిలో పని అని అమ్మ ఊరంతా చెప్పుకునేది. ఏసీ పెట్టింది కంప్యూటరు కోసం, నా కోసం కాదు.) చక్కెర ఫ్యాక్టరీ కోసం మా చుట్టుపక్కల ఊళ్ళలో ఏ చెరకు ముందు నరకాలో, ఏది తర్వాతో వరస కట్టడం మా పని. తోటకొక చిల్లుల కార్డు, ఆ తోట వివరాలన్నీ ఆ చిల్లుల్లోనే. ఒక్క రైతు సంగతి మారినా కార్డులన్నీ మళ్ళీ మిషనుకి మేపి, లెక్కంతా మొదటినుంచి చేయాల్సిందే.

నేను ఊరుకోకుండా బుర్ర పెట్టాను. పాత ఫలితాలు టేపు మీద దాచి, మారినవాళ్ళ కార్డులు మాత్రమే తీసుకుని, ఆ మార్పు తగిలినంత మేరకే లెక్క కట్టేలా ప్రోగ్రాం రాశాను. ఏ లెక్క దేనిమీద ఆధారపడిందో కనిపెట్టే సదుపాయం అప్పటి ఫోర్ట్రాన్ భాషలో లేదు, రాసేవాడే గుర్తుపెట్టుకోవాలి. అన్నీ గుర్తుపెట్టుకున్నాననే అనుకున్నాను. రోజంతా పట్టే పని టీ తాగి వచ్చేసరికి అయిపోయేది. ఆఫీసరు భుజం తట్టారు. నేను కాలరెగరేశాను.

రోలుగుంట దగ్గర కౌలుకి చెరకు వేసిన మా మావయ్య ఒకనాడు చెరకు గడ పట్టుకుని ఆఫీసుకొచ్చాడు.

"అల్లుడూ, నా తోటకి నరుకుడు ఆర్డరు ఎప్పుడొస్తాదో సూడు. ఎండిపోతంది."

"నీ తోటలో మార్పేం లేదు మావయ్యా. పాత వరసే," అన్నాను ధీమాగా.

ఆయన గడని నా బల్లమీద విరిచాడు. లోపలంతా బెండు.

"మార్పు నేదేటి? రోజూ ముదిరిపోతందిరా."

అప్పుడు తట్టింది నాకు. మొదటినుంచి లెక్కకట్టిన ప్రతిసారీ తోట వయసు కూడా కొత్తగా కట్టేది మిషను. నా తెలివైన పద్ధతిలో కార్డు రాని తోటకి వయసే పెరగదు. ముదిరానని ఏ చెరకు కార్డు పంపుతుంది? ఆ పూటే సరిచేశాను, మావయ్య పేరే మొదట వచ్చింది. ఆర్డరు చేరేసరికి చెరకు పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాలేదు. కౌలు భూమి పోయింది. ఆయన విశాఖలో ఒక గొడౌనుకి కాపలాగా చేరాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. మా ఇంటికి భోజనానికొస్తే మాత్రం, "అల్లుడూ, ఆర్డరొచ్చిందేటి?" అని విస్తరి ముందు కూర్చునేవాడు. నేను లేచి ముందు ఆయనకే వడ్డించేవాణ్ణి.

ఏ లెక్క దేనిమీద ఆధారపడిందో ఇప్పటి కంప్యూటరు భాషలు కొన్ని వాటంతటవే కనిపెడతాయట, సంతోషం. మొన్న తల దువ్వుకుంటూ అద్దంలో చూస్తే ఆనాటి మావయ్య కంటే ముసలివాడొకడు కనిపించాడు. ఎప్పుడు ముదిరానో, నాకూ ఏ కార్డూ రాలేదు. నవ్వుకుని దువ్వెన పక్కన పెట్టాను.