తెగిన గీతకు ముడి

కోస్తా నుంచి కరీంనగర్ కాలేజీకి వచ్చిన మా ఫిజిక్స్ లెక్చరరు గారికి లోకమంతటి మీదా అనుమానమే. గోడ గడియారం వెనక కూడా తొంగి చూసేవారు, ఎవరైనా కూర్చుని ముల్లు తిప్పుతున్నారేమోనని. ప్రయోగం చేయకుండానే గ్రాఫు గీసేవాళ్ళంటే ఆయనకు మంట. ఆయన సంతకం పడకపోతే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు.

గాజు పళ్ళెంలో గుక్కెడు నీళ్ళు. నా కంటికి వరదొచ్చిన మానేరు నది. అటొకటి, ఇటొకటి బ్యాటరీకి కలిపిన ఇత్తడి కడ్డీలు. కరెంటు పారితే సూది కదిలే గాల్వనోమీటరుకు రెండు తీగలు. ఒక తీగ కొన నీళ్ళలో ఒకచోట ఆనించి, రెండో తీగ కొనను జరుపుతూ పోవాలి. సూది ఎక్కడ సున్నా మీద నిలిస్తే గ్రాఫు కాగితం మీద అక్కడ చుక్క. ఆ చుక్కలన్నిటా పొటెన్షియల్ ఒకటే. కలిపితే సమ పొటెన్షియల్ రేఖ. విద్యుత్ క్షేత్ర రేఖలు వాటిని లంబంగా కోసుకుంటూ పోతాయి.

కదలకపోవడమే పనిచేసినట్టు లెక్కయిన సూదిని ఎట్లా నమ్మడం? తాతల నాటి ఆ గాల్వనోమీటరు నాకు దొంగనిద్ర పోతున్నట్టే తోచింది. అందుకే ప్రతిసారీ తీగ కొనను కాస్త పక్కకు జరిపి, సూది ఉలిక్కిపడ్డాకే చుక్క పెట్టించాను. గీతలు కలిపింది నా జోడీ, సిరిసిల్ల నేతపనివాళ్ళ ఇంటి అబ్బాయి.

లెక్చరరు గారు మా గ్రాఫును ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. ఒక గీత సగంలో ఆగి, పక్క గీతలో కలిసిపోయింది.

"ఒకే చోట రెండు పొటెన్షియళ్ళా? మీరు ప్రయోగం చెయ్యలేదయ్యా, ఇంట్లో కూర్చుని గీశారు."

నా జోడీ తల దించుకున్నాడు. "చుక్కలు మేం పెట్టినయే సార్. నడుమ దొరకలే. మా ఇంట్ల పోగు తెగి కొస దొరకకుంటే, పక్క పోగుకు ముడేసి పెడ్తరు. చెయ్యి అట్లనే పోయింది."

ఆయన నమ్మలేదు. తీగ కొనలు రెండూ తానే అందుకుని, నీళ్ళలో ఒకటి ఆగిన గీత చివరి చుక్క ఉన్నచోట, ఇంకొకటి పక్క గీత ఉన్నచోట ఆనించారు. సూది తేలు కుట్టినట్టు ఎగిరింది. తర్వాత రెండూ పక్క గీత చుక్కల చోటే పెట్టారు, సూది కదల్లేదు. అన్ని చుక్కలూ అట్లాగే తనిఖీ చేశారు. ఒక్కటీ తప్పు పోలేదు.

ఆయన చూపు నా మీదికి మళ్ళింది. "ఇతను ముడేస్తుంటే నువ్వేం చేస్తున్నావు?"

"సూది మీద కన్నేసి ఉన్న సార్. సచ్చిందో బతికిందో, నాకు దాని మీద నమ్మకం లేకుండె."

ఆయన ముఖం మొదటిసారి మెత్తబడింది. జన్మలో ఒక్క తోటి అనుమానస్తుడైనా తగిలాడన్నట్టు చూశారు. ముడిని తన చేత్తోనే రబ్బరుతో తుడిచి, మిగతా చుక్కలు వెతికి తెమ్మన్నారు. ఈసారి చుక్కలు దొరికాయి; గీత పక్కదాన్ని తాకకుండా కడ్డీని చుట్టి వెళ్ళింది. సంతకం పడింది.