మినుము తొక్కని కారు

మా చర్చి బడిలో పిల్లలకు పాటలు నేర్పడానికి జర్మనీ నుంచి వచ్చిన ఒకమ్మాయి కొన్నాళ్ళు తెనాలిలో మా ఇంట్లోనే ఉంది. ఇక్కడ బండి నడపడానికి పర్మిట్టు కూడా వెంట తెచ్చుకుంది. మన ఆటోలనీ గేదెలనీ చూసి జడుసుకుంటుందేమో అనుకున్నా గానీ, కొద్ది రోజుల్లోనే నా కారు తాళాలు లాగేసుకుంది. వాళ్ళ ఊరి అలవాటు కొద్దీ సిగ్నల్ వెయ్యబోయి వైపర్ వేసేది. మలుపు వచ్చినప్పుడల్లా మండుటెండలో అద్దం తుడుచుకుంటూ పోయేవాళ్ళం.

ఆ రోజు బాపట్లలో సముద్రం చూసి, చెరుకుపల్లి మీదుగా రేపల్లె బయల్దేరాం. వరి తర్వాత వేసిన మినుము పీకే రోజులు. మావైపు పీకిన మొక్కల్ని రోడ్డు మీదే పరిచేస్తారు. వచ్చేపోయే బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి, నూర్పిడి శ్రమ తప్పుతుంది. మాకు పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తెలిసిన సంగతి కాబట్టి, ఆ పిల్లకు చెప్పాలని నాకు తట్టనే లేదు.

ముందు రోడ్డు మీద పరిచిన మినుము కనబడగానే, తినే గింజల మీద కారెక్కించడమేంటని ఆ పిల్ల ఒక్కసారిగా కుడికి తిప్పేసింది. అక్కడ పంట అంచున నిలబడి, ఒకావిడ కర్రతో మొక్కల్ని తిరగేస్తోంది. కారు మూల ఆవిడ తుంటికి తగిలింది. ఆవిడ వెల్లకిలా పడిపోయింది.

చేలల్లోంచి జనం పరిగెత్తుకొచ్చారు. "కార్లో పడేసి తీసుకుపోండమ్మా" అని ఒకటే అరుపులు. ఆ పిల్ల మాత్రం ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నడుం విరిగుంటే కదిపినప్పుడు ఇంకా పాడవుతుందట, అంబులెన్సే రావాలట. అది నేను తెలుగులో చెప్పేసరికి తిట్లన్నీ నాకు పడ్డాయి. "నడిపింది ఎవరు?" అని ఎవరో గద్దించారు. విదేశీ పిల్ల, పోలీసులంటే ఏమవుతుందో అని, నేనేనని చెప్పడానికి నోరు తెరిచా. ఈలోపే ఆ పిల్ల "నేను" అంది. మా ఇంట్లో నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కల్లో అదొకటి. అప్పుడు దాని నోరు నొక్కేయాలనిపించింది.

"అంత రోడ్డుండగా మనిషి మీదికి తిప్పడమేంటండీ?" అని ఒక పెద్దాయన నిలదీశాడు.

"మీ పంట తొక్కకూడదని తిప్పిందండి, బాబాయిగారూ."

 కింద పడి మూలుగుతున్నావిడే ముందు నోరు విప్పింది. "ఓసి పిచ్చి తల్లీ, తొక్కడానికేగా పరిచింది!" వెనకెవరో కిసుక్కుమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ ఎడమ కాలు కదపలేకపోతోంది.

అంబులెన్సు వెనకే రేపల్లె ఆసుపత్రికి వెళ్ళాం. ఆవిణ్ణి ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు. కానిస్టేబుల్ వచ్చి అడిగితే, ఆ పిల్ల జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో చెప్పేసింది. సాకులేమీ చెప్పలేదు. కేసు పెడితే దీన్ని ఊరెళ్ళనిస్తారో లేదోనని నా బెంగ. దానికి ఆ ధ్యాసే లేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ "ఆమె నడుస్తుందా?" అని నన్నే పదే పదే అడుగుతోంది. నేనేమో, దేవుడా, నడిపించు తండ్రీ అనుకుంటూ కూర్చున్నా.

చివరికి డాక్టరుగారు బయటికొచ్చారు. "ఎముకకేం కాలేదండి. బాగా కమిలింది. మెల్లిగా నిలబెట్టి చూడండి."

ఆవిడ ఆ పిల్ల భుజం పట్టుకుని లేచింది. పళ్ళు బిగించి ఒకడుగు వేసింది, ఇంకోటి వేసింది. తర్వాత భుజం వదిలేసి గోడ దాకా తనే నడిచింది. స్తోత్రం తండ్రీ అనుకున్నా నేను. ఆ పిల్ల నడవాలోనే నిలబడి, ఇక సిగ్గు విడిచి వెక్కివెక్కి ఏడ్చింది.

"కంప్లైంట్ ఏమైనా ఇస్తావా అమ్మా?" అన్నాడు కానిస్టేబుల్.

ఆవిడ విసుగ్గా వెనక్కి తిరిగింది. "ముందు ఆ పిల్ల ఏడుపు మాన్పించండి సారూ. నేను నడుస్తున్నాగా!"