రిజిస్టర్‌లో చివరి గడి

మా తాండూరు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లోకి ల్యాబ్ అసిస్టెంట్ పద్మారాణిని దాటుకొని ప్రిన్సిపాల్ కూడా పోలేడు. ముందు రిజిస్టర్‌లో పేరు, సిస్టమ్ నంబరు, వచ్చిన సమయం రాయాలి. పోయేటప్పుడు చివరి గడిలో వెళ్ళిన సమయం రాయాలి. పదకొండేళ్ళుగా వికారాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చిపోతూ, ఏజెన్సీ కింద కాంట్రాక్టు కొలువు చేస్తూ, ఆవిడ సంపాదించుకున్న అధికారమంతా ఆ రిజిస్టరే. తెలుగు పాఠాలు చెప్పే నన్ను కూడా సంతకం పెట్టేదాకా వదిలేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

ఆ చివరి గడిని ఎప్పుడూ ఖాళీగా వదిలేది నిరోషా. యాలాల్ పిల్ల, డిగ్రీ ఆఖరి ఏడు. తండ్రిది నాపరాళ్ళకు పాలిష్ పట్టే పని. బస్సు పోతుందని పరుగెత్తేది.

"చేతులు పడిపోయినయా బిడ్డా? టైమ్ రాసి పో!" అని పద్మారాణి కేకేసేది.

"రేపు రాస్త అక్కా!"

పుస్తకాలు కొనలేక ఆ పిల్ల క్లాసులో తల వంచుకుని కూర్చుంటోందని తెలిసి, ఏడో నంబర్ సిస్టమ్‌లో ఒక ఫోల్డర్ తెరిచి, అది అందరి ఫోన్లకూ అందేలా చేయడం నిరోషాకు నేర్పింది పద్మారాణే. ఒకరి పుస్తకం ఫోటోలు తీసి అందులో వేస్తే నలభై మంది చదువుకునేవారు. తర్వాత సినిమాలూ వచ్చి చేరాయి, పిల్లలు ఊరుకుంటారా! నేనూ అందులోంచి రెండు పుస్తకాలు దించుకున్నాను.

ఈ ఫిబ్రవరిలో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. అనుమతి లేని ఫైళ్ళు పంచుకుంటున్న కాలేజీలకు కమిటీ వస్తుందట. విద్యార్థులైతే పరీక్ష రాయనివ్వరట, సిబ్బంది అయితే కొలువు ఊడుతుందట. ఆ కాగితం చదివిన దగ్గర్నుంచి పద్మారాణికి అన్నం సయించలేదు. ఇల్లు నడిచేది ఆవిడ జీతం మీదే. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది.

"ఫోల్డర్ తీసేసిన సార్. తీసేసినా కనపడ్తదంట గదా?" అని రోజుకు మూడుసార్లు నన్ను అడిగేది.

నాకేం తెలుసు? నా భయం నాది.

కమిటీ వాళ్ళు అన్నిటికంటే ముందు రిజిస్టరే అడిగారు. ఏడో నంబరుకు ఎదురుగా నెల పొడుగునా ఒకటే పేరు. నిరోషాను పిలిపించారు. పద్మారాణీ నేనూ గోడవారగా నిలబడ్డాం.

"ఏ రోజూ వెళ్ళిన సమయం లేదు. అంటే ల్యాబ్ మూసేదాకా ఇదే పనా?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "ఎవరు నేర్పారు నీకు?"

నిరోషా పద్మారాణి వైపు కన్నెత్తి చూడలేదు.

"ఎవ్వరు నేర్పలే సార్. ఫోన్ల చూసి నేనే నేర్సుకున్న."

పద్మారాణి నోరు తెరిచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నోరు మెదపలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నాకు ప్రాణం లేచొచ్చింది.

వాళ్ళు పేజీలకు ఫోటోలు తీసుకుని రిజిస్టర్ మాకే వదిలిపోయారు. నిరోషాకు ఈ ఏడు పరీక్షలు లేవన్నారు.

మర్నాడు కాలేజీ కార్డు అప్పజెప్పడానికి వచ్చింది. పద్మారాణి ఏదో అనబోయింది.

"ఫికర్ చెయ్యకు అక్కా, ఎవ్వరికి చెప్ప," అంది నిరోషా.

రిజిస్టర్ తన వైపు తిప్పుకుంది. ఒక్కో పేజీ వెనక్కి తిప్పుతూ, తను వదిలేసిన చివరి గడులన్నీ నింపుకుంటూ పోయింది. నాలుగూ పది. నాలుగూ పది. నాలుగుంబావు. అన్నీ యాలాల్ బస్సు టైములే. రాస్తుండగానే ఆ రోజు బస్సు వెళ్ళిపోయింది కూడా. ఆ పిల్ల తలెత్తలేదు.

పద్మారాణి కొలువు నిలిచింది. ఇప్పటికీ ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. నేను సంతకం పెట్టకుండానే ల్యాబ్‌లోకి పోతున్నాను. ఆవిడ అడగదు.