ఆయన చూపించిన ఊరు

మా ఆయన మలేషియా పోయి నాలుగేళ్లు. మధ్యలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఉన్నట్టుండి ఫోన్ చేసి నన్నే రమ్మన్నాడు.

"ఇప్పుడు మనోళ్లకు వీసా అక్కర లేదట. టికెట్ నేనే తీస్త. ఈడ చూసేటియి శాన ఉన్నయి. ఐదు రోజులుండి పోదువు."

అప్పుడు నేను కోరుట్లలో అత్తమ్మతో ఉండేదాన్ని. బీడీలు చేసేదాన్ని. బిడ్డ రెండో తరగతి. దాన్ని సిరిసిల్లలో మా అమ్మ దగ్గర దింపాను. మా వాడకట్టు ఆడవాళ్లు నా కొత్త చెప్పులు కూడా పట్టి చూశారు. అత్తమ్మ మాత్రం మామిడికాయ తొక్కు డబ్బా నా బ్యాగులో పెట్టి, "వాడు చెప్పినట్టు ఇను. ఎదురు మాట్లాడకు" అంది.

కౌలాలంపూర్‌లో ఆయన పనిచేసే హోటల్లోనే నాకు గది ఇప్పించాడు. చిన్న హోటలే. కౌంటర్లో కూర్చునే ఆమె అక్కడే పుట్టి పెరిగిన తమిళ మనిషి. నన్ను చూడగానే లేచి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని "తంగచ్చి" అంది.

"గట్లంటే ఏంది?" అని ఆయన్ని అడిగాను.

"మేడం అన్నట్టు."

ఆ సాయంత్రం నేను స్నానం చేసి, ఎర్ర చీర కట్టుకుని కూర్చున్నాను. ఆయన గది తలుపు దగ్గరే నిలబడి, "నాకు నైట్ డ్యూటీ. తలుపేసుకోని పండుకో" అన్నాడు. ఉన్నన్ని రోజులూ అదే మాట. అలసిపోతున్నాడు పాపం అనుకున్నాను.

పగలు మాత్రం ఎంతో ఓపిగ్గా తిప్పాడు. పొద్దున మేం కిందికి రాగానే, దగ్గరలో చూడాల్సినవేవో, వాన ఎప్పుడు పడుతుందో కౌంటర్లో ఆమె ఆయనకు తమిళంలో చెప్పేది. నాకు గొడుగు ఇచ్చేది. నడిచి పోయేంత దూరంలోనే జంట టవర్లున్నాయి. మెడ వెనక్కి విరిచినా కొస కనబడలేదు. ఆయన నేల మీద దాదాపు పడుకుని నన్నూ టవర్లనూ కలిపి ఫోటో తీశాడు. పెళ్లయ్యాక నా కోసం ఆయన అంత వంగింది అప్పుడే.

మరునాడు రైలెక్కి మురుగన్ గుహకు పోయాం. రంగురంగుల మెట్లు. సగం ఎక్కాక ఒక కోతి నా చేతిలోని కొబ్బరి చిప్ప లాక్కుని, మణికట్టు గీరింది. రక్తం వచ్చింది. ఆయన వీడియో తీస్తూనే ఉన్నాడు. "ఆగు, ఆగు, చెయ్యి గట్లనే వట్టు" అని నవ్వాడు. ఆ వీడియో ఇంటికి పంపితే అత్తమ్మ కూడా నవ్విందట.

ఆఖరు రోజు చేపల అద్దాల మేడకు తీసుకుపోయాడు. అద్దపు సొరంగంలో మనం నడుస్తుంటే తల మీద సొరచేపలు పోతుంటాయి. కిక్కిరిసిన జనం. ఆయన నా చెవి దగ్గరికి వచ్చాడు.

"ఒక ముచ్చట చెప్త, లొల్లి చెయ్యకు. కౌంటర్ల కూసునే ఆమె ఉన్నది గదా. ఆమెను చేసుకున్న. కొడుకున్నడు. నువ్వు నా చెల్లెవని చెప్పిన. తంగచ్చి అంటే గదే."

నాకు మొదట అర్థం కాలేదు. చేప కడుపు వైపే చూస్తున్నాను. తర్వాత ఆ తివాచీ మీదే కూలబడ్డాను. వెనక వాళ్లు నన్ను తప్పించుకుంటూ పోతున్నారు. ఆయన రెక్క పట్టి లేపాడు.

"లే. ఇది కోరుట్ల బస్టాండ్ గాదు."

"మల్ల నన్నెందుకు పిలిచినవ్?"

"మొగడు పట్టించుకోలేదని ఊల్లె రేపు నలుగురంటరు. ఇప్పుడు ఫోటోలున్నయి. ఎవ్వలన్న అడిగితే అన్ని తిప్పి జూపెట్టిండని చెప్పు. నేను ఇగ అచ్చేది లేదు."

బయటికి వచ్చాక ఫోన్ తీసి, "ఆఖరుది. నవ్వు" అన్నాడు. నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు. ఆ నోరు నాది కాదనిపించింది.

బ్యాగు తీసుకుని కిందికి వచ్చేసరికి కౌంటర్లో ఆమె ఒళ్లో పిల్లవాడు ఉన్నాడు. నుదురు, చెవులు అచ్చం నా బిడ్డవే. మా అత్తమ్మ కోసమని ఒక చీర ప్యాకెట్ ఆమె నా చేతికిచ్చింది. నేను ఆమె కళ్లలోకి చూసి, గట్టిగా, తెలుగులోనే అన్నాను: "నేను ఈయన చెల్లెను కాదు. పెండ్లాన్ని."

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన కొంచెం కూడా తడబడకుండా తమిళంలో ఏదో చెప్పాడు. ఆమె నవ్వి నన్ను కౌగిలించుకుంది.

"ఏం జెప్పినవ్?" అన్నాను టాక్సీలో.

"మంచిగ చూసుకున్నవ్, సల్లగుండు అంటున్నదని చెప్పిన."

కోరుట్లలో అత్తమ్మ ఆ చీర విప్పి, భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది.

"నీకు ముందుగాల్నే ఎర్కనా అత్తమ్మా?"

"ఎర్కనే. మొగపిల్లగాడు. రోజు ఫోన్ల సూత్త. నువ్వు మొగపిల్లగాన్ని కంటే గీ తిప్పలెందుకచ్చు?"

ఫోటోలు నాకంటే ముందే ఊరంతా తిరిగాయి. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది టవర్, ఇది గుహ, ఇది చేపల మేడ అని చెప్పాను. వారం తర్వాత బట్టలు సర్దుకుని సిరిసిల్ల వచ్చేశాను. ఆగమని ఎవరూ అనలేదు.

ఇప్పుడు రెడీమేడ్ బట్టలు కుట్టే షెడ్డులో మిషన్ మీద పని. మా సూపర్‌వైజర్ తమిళనాడు తిరుపూర్ నుంచి వచ్చిన మనిషి, పెద్దాయన. వచ్చీరాని తెలుగు మాట్లాడతాడు. ఒక మధ్యాహ్నం, అందరూ అన్నాలకు పోయినప్పుడు, కౌంటర్లో ఆమెకు నా మాట తమిళంలో చెప్పమని ఆయన్ని బతిమాలాను. నెట్‌లో హోటల్ నంబరు వెతికి ఫోన్ కలిపాడు. ఆమే ఎత్తింది. నేను చెప్పినదంతా ఆయన తలవంచుకుని తమిళంలో చెప్పాడు.  తర్వాత ఆమె నిదానంగా మాట్లాడింది.

"ఆమెకు తెలుసంట," అన్నాడు.

"ఎప్పటి సంది?"

"నువ్వు కౌంటర్ దగ్గర చెప్పావే, అప్పుడు. భాష తెలీదు, మొహం తెలిసింది అంటోంది."

"మల్ల నవ్వింది గదా? నన్ను పట్టుకున్నది గదా?"

ఆయన అడిగాడు. జవాబు విని, నా వైపు చూడకుండానే చెప్పాడు.

"నువ్వు ఎట్లాగూ వెళ్లిపోతున్నావు, అందుకే నవ్వాను అంటోంది. మళ్లీ ఫోన్ చేయొద్దంట."

ఫోన్ పెట్టేసింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. నేను మిషన్ దగ్గరికి పోయి దారం ఎక్కించాను.

ఆ రోజు సాయంత్రం బిడ్డకు జడ వేస్తూ చెప్పాను, "మీ నాయిన ఇగ రాడు."

అది తల తిప్పకుండానే అడిగింది, "సచ్చిపోయిండా?"

"లేదు. మంచిగనే ఉన్నడు."