పన్నెండు బటన్ల దుబాయ్ ఫోను

ఆ రోజుల్లో పరకాలలో టెలిఫోను ఉన్న దుకాణాలు తక్కువ, మా వాళ్లకు టెలిఫోను ఉందని చెప్పుకుని తిరిగే మేనల్లుళ్లు ఎక్కువ. వేలు పోసి ఫోను కొని, అందులో అన్నిటికన్నా చౌక ప్లాను వేసుకుని, నెట్టు రావట్లేదని కంపెనీని తిట్టే కుర్రాళ్లను ఇప్పుడు బస్సులో చూస్తుంటాను. వెక్కిరింపు నోటిదాకా వస్తుంది కానీ, ఆ అర్హత నాకు లేదు. ఆ తెలివితక్కువ పని నేను ఎనభైల మొదట్లోనే, ఇంతకన్నా ఘనంగా చేసి ఉన్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. వరంగల్‌లో డిగ్రీ పూర్తిచేసి, పరకాలలో మా మేనమామ ఎరువుల దుకాణంలో కాలుమీద కాలేసుకుని కూర్చుని, దేశం ఎందుకు బాగుపడట్లేదో వచ్చిన రైతులకు వివరిస్తుండేవాణ్ణి. (పాపం వాళ్లు వినేవారు. యూరియా బస్తా చేతికొచ్చేదాకా వేరే దారి లేదు మరి.) అలాంటి నాకు వరంగల్‌లో ఒక విత్తనాల వ్యాపారి ఆఫీసులో ఉద్యోగం దొరికేలా కనిపించింది. ఫోనులో వచ్చే ఆర్డర్లు విని రాసుకోవడమే పని. ఇంటర్వ్యూలో, మాకు సొంత ఫోనుందని మేనేజరుకు మూడుసార్లు చెప్పాను. "అట్లనా? అయితే బేస్తవారం పొద్దున పదింటికి ఫోన్ చేస్త. నువ్వే ఎత్తాలె. ఫోన్ల నీ మాట ఎట్లున్నదో విని ఖాయం చేస్త" అన్నాడాయన. మా అమ్మ ఆ సాయంత్రమే వాడకట్టంతా చెప్పేసింది. ఆ ఉద్యోగం రాకపోతే నా బతుకు యూరియా వాసనలోనే తెల్లారుతుందని నాకూ బాగా తెలుసు.

సరిగ్గా అప్పుడే దుబాయ్ నుంచి మా బావ దిగాడు. వాళ్ల ఊళ్లో టెలిఫోను స్తంభం కూడా లేదు, అయినా మహానుభావుడు ఒక ఎర్రటి ఫోను తెచ్చాడు. పన్నెండు బటన్లు, పది నంబర్లు గుర్తుపెట్టుకునే శక్తి, ఒక్క నొక్కుతో పాత నంబరే మళ్లీ కలిపే రీడయల్. అక్క దాన్ని అద్దాల బీరువాలో పెట్టి పూజ ఒక్కటే తక్కువగా చూసుకునేది. బతిమాలి తెచ్చుకున్నాను. మామ దుకాణంలో ఉన్నది నల్లటి ఫోను, పక్కనొక పిడి, కింద చెక్క పెట్టెలో రెండు పెద్ద బ్యాటరీ సెల్లులు. పిడి తిప్పితే ఎక్స్‌ఛేంజీలో గంట మోగేది, అక్కడి ఆపరేటరక్కకు మనకు కావలసిన నంబరు చెబితే ఆమె కలిపేది. అంత పెద్ద ఉద్యోగం అంత పాత ఫోనులో రావడమేమిటని, బేస్తవారం దుకాణం తెరవగానే స్క్రూడ్రైవరు పట్టాను. నల్లఫోను, పెట్టె, సెల్లులు అన్నీ పీకి మూలన పడేసి, రెండు తీగలూ దుబాయ్ ఫోనుకు చుట్టేశాను.

మామ వచ్చి చూసి, "పిడి ఏదిరా?" అన్నాడు.

"దీనికి పిడి ఉండది మామా. తెలివైన ఫోన్ ఇది."

"పిడి లేకుంటే ఎక్స్‌ఛేంజ్ పిల్లకు ఎట్ల తెలుస్తదిరా, నువ్వు మాట్లాడుతానవని?"

"అన్నీ అదే చూసుకుంటది. నీకు సమజ్ కాదు తియ్యి."

"ఫోన్ తెలివి నాకెందుకురా, నీ తెలివి చూసే నాకు ఫికరయితాంది" అని మామ బస్తాలు లెక్కపెట్టుకోవడానికి పోయాడు.

పది దాటగానే ఎర్రఫోను పిట్టలా కిచకిచలాడింది. రైతులందరూ తిరిగి చూశారు. నేను తొందరపడలేదు, చొక్కా సర్దుకుని మరీ ఎత్తాను. "ఎత్తిన చప్పుడు వచ్చింది సార్, మాట్లాడున్రి" అని ఆపరేటరక్క గొంతు సన్నగా వినిపించింది. "హలో" అన్నాడు మేనేజరు. "గుడ్ మార్నింగ్ సర్" అన్నాను. "హలో" అన్నాడు మళ్లీ. అరిచాను. బస్టాండుదాకా వినిపించేలా అరిచాను. పన్నెండు బటన్లూ వరుసగా నొక్కాను. వాళ్ల మాట నాకు వస్తోంది, నా మాట వాళ్లకు పోవట్లేదు. అప్పుడు మేనేజరు పక్కనున్నవాడితో అన్న మాటలు నా చెవిలో స్పష్టంగా పడ్డాయి. "ఎత్తిండు గని మాట్లాడ్తలేడు. ఇంటర్వ్యూల నన్ను ఒక్క ముక్క మాట్లాడనియ్యలేదు, ఇప్పుడు నోరు పడిపోయిందా వీనికి? రెండో పిలగానికి కబురు చెయ్యి." టక్కుమని పెట్టేశాడు.

నల్లఫోను మళ్లీ బిగించే ఓపిక ఎవడికుంది! ఎక్స్‌ఛేంజీకి పరుగెత్తాను. ఒక చెప్పు దారిలోనే తెగింది. ఆపరేటరక్క నా కథ విని నెత్తి కొట్టుకుంది. "అయ్యో తమ్మీ, మన లైన్ల కరెంటు ఉండది. నీ మాటను మోసేది ఆ సెల్లులే. వాటినే పీకినవా? దుబాయ్ ఫోన్‌కు పరకాల లైన్ ఏం తెల్సు!" అని, నా మొహం చూసి జాలిపడి వరంగల్‌కు కలిపింది. "మూడే నిమిషాలు. జర తొందరగ చెప్పు" అంది.

మేనేజరు, "ఆఁ, చెప్పు తమ్మీ" అన్నాడు. ఎంత మంచివాడు! నేను చెప్పాను. ఫోను ఎర్రగా ఉంటుందని, పన్నెండు బటన్లని, పది నంబర్లు గుర్తుపెట్టుకుంటుందని, తప్పు ఫోనుది కాదు, సెల్లులతో నడిచే ఈ వెనకబడ్డ లైనుదని, దుబాయ్‌లో ఇలా ఉండదని (నేను అప్పటికి హైదరాబాదు కూడా చూడలేదు), ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆపరేటరక్క చేత్తో సైగలు చేస్తూనే ఉంది. మూడు నిమిషాలు అయిపోయాయి. "మంచిది తమ్మీ. ఉద్యోగం ముచ్చట ఏమన్న అడుగుతవేమో అని చూసిన" అన్నాడాయన. లైను తెగిపోయింది. ఆ పని రెండో పిలగాడికే పోయింది.

మామ దుకాణంలోనే నా తల నెరిసింది. ఆ ఇరవై రెండేళ్లవాణ్ణి తలుచుకుంటే చెంప వాయించాలనిపిస్తుంది, అంతలోనే నవ్వొస్తుంది. ఉద్యోగం పోయిన సంగతి వాడికి ఇంటికెళ్లి అమ్మ మొహం చూశాక గాని తలకెక్కలేదు. అంతకుముందు ఒంటి చెప్పుతో ఎక్స్‌ఛేంజీ మెట్ల మీద నిలబడి వాడు బాధపడింది ఒక్కదానికే. మేనేజరుకు రీడయల్ గురించి చెప్పడం మరిచిపోయానే అని.