సువార్తమ్మ గారి కొసరు మిరపకాయలు

నర్సు సువార్తమ్మ గారు ప్రభువునందు నిద్రించారన్న వార్త మొన్న ఆదివారం పొద్దున వట్లూరు నుంచి ఫోనులో వచ్చింది. ముదినేపల్లిలో ఆరాధనకు బయల్దేరుతున్న నేను చెప్పులు విప్పేసి గడప మీదే కూర్చున్నాను. గణపవరంలో పుట్టి, మస్కట్‌లో ఆరేళ్లు, ఆ తరువాత ఏలూరులో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో తుదిదాకా రోగుల సేవలోనే కరిగిపోయిన జీవితం ఆవిడది. మస్కట్‌లో ఆవిడా నేనూ ఒకే ఆసుపత్రిలో పనిచేసి, ఒకే గదిలో ఉన్నాం.

గురువారం ఆదరణ కూడికలో బంధుమిత్రులంతా ఆవిడ చెప్పిన మస్కట్ కథలే తలుచుకుని విరగబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట సగం వాళ్ల మీద, సగం నా మీద.

చేపల కథ అందరికీ తెలుసు. అక్కడి పెద్ద అంగడిలో ఆవిడ ఐసు మీద పేర్చిన చేపలను, కొల్లేరు గట్టున కొన్నట్టే, ఒక్కొక్కదాని మొప్ప ఎత్తి ఎరుపు చూడటం మొదలెట్టారు. అమ్మేవాడు బెంబేలెత్తి పరుగున వచ్చాడు. "తాజావని బోర్డు ఉంది కదా అంటాడండీ! బోర్డు రాసింది వాడు. మొప్ప అబద్ధం ఆడదు కదండీ!" అనేవారు.

నా పుట్టినరోజుకు నన్ను హోటలుకు తీసుకెళ్లిన కథ ఇంకోటి. పళ్లెంలోది అయిపోయాక, మారు వడ్డించడానికి వస్తారని ఎంగిలి చెయ్యి ఎండేదాకా కూర్చున్నారు. వచ్చింది బిల్లు. "పెరుగన్నం పెట్టకుండా మనిషిని లేపేస్తారేంటండీ, పాపం కాదూ?" ఇక్కడికి వచ్చేసరికి జనం కళ్లనీళ్లు తుడుచుకునేవారు. ఆ రోజు ఆవిడ అర్ధాకలితోనే డ్యూటీకి వెళ్లారని కథలో ఉండేది కాదు, ఎవరూ అడిగిందీ లేదు.

ఇక మిరపకాయల కథ. కూరగాయలు తూచి, సంచికి చీటీ అంటించాక, మన బజారులో కొసరు వేయించుకునే అలవాటున నాలుగు పచ్చిమిరపకాయలు పైన పడేసుకున్నారు. తలుపు దగ్గర ఆపారు. "కొసరంటే ఏంటో వివరంగా చెప్పానండీ. ఆ కొట్టు పెద్దాయన మురిసిపోయి దోసెడు ఊరికే ఇచ్చి పంపాడు!" అని ముగించేవారు.

ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆవిడను దొంగ అన్నారు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పలేక, "విమలా, నువ్వు చెప్పమ్మా" అని నా వైపు తిరిగారు. "మీరిద్దరూ కలిసే వచ్చారా?" అని కాపలావాడు నన్ను అడిగాడు. ఆ నెలలోనే నా ఉద్యోగం పొడిగింపు ఉంది. కాదన్నాను. ఆవిడెవరో తెలియదన్నాను. బస్సెక్కి గదికి వచ్చేశాను.

సాయంత్రందాకా వెనక గదిలో కూర్చోబెట్టారట. ఆసుపత్రికి కబురు వెళ్లింది. గడువు తీరగానే ఆవిడను పంపేశారు. ఇంటి మీద బెంగతో వచ్చేసిందని ఊళ్లో అనుకున్నారు. ఆ సాయంత్రం గదికి వచ్చిన ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే: "అన్నం తిన్నావా?" ఆవిడే పొయ్యి వెలిగించి పప్పు వండారు. అందులో పచ్చిమిరపకాయ లేదు.

తరువాత ఇన్నేళ్లూ పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో ఆ కథ చెబుతూనే ఉన్నారు. ఎదురుగా నేను కూర్చుని ఉన్నా, "ఒక్కదాన్నే వెళ్లానండీ" అనే మొదలుపెట్టేవారు. అవమానాన్ని హాస్యం చేసుకోవడం కొందరికి చేతనవును. ఆ హాస్యంలో నుంచి ద్రోహిని తప్పించి కాపాడిన ఔదార్యం మాత్రం నేను మరెవరిలోనూ చూడలేదు.

గురువారం పాస్టరు గారు, "విమల గారూ, మీరూ అక్కడే ఉండేవారు కదండీ, ఆ మిరపకాయల సంగతి చెప్పండి" అన్నారు. లేచాను. "అక్క ఒక్కతే వెళ్లిందండీ" అని మొదలుపెట్టాను. అందరూ నవ్వారు. ఆవిడ ఫొటో ముందు నిలబడి రెండోసారి కాదన్నాను.

అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. అలాంటి మనిషి నాకు మళ్లీ దొరకరు. అక్కా, మీరు దొంగ కాదు. ఆ రోజు మీరు ఒక్కరే వెళ్లలేదు. మీ పక్కన నేనున్నాను.